చక్రం కింది తుమ్మచెక్క

నేను ఒక తుమ్మచెక్కను. అనకాపల్లి కలప అడితిలో పనికిరాదని పారేస్తే, పైడయ్య అనే లారీ డ్రైవర్ ఏరుకుని, వడ్రంగి చేత ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా చెక్కించాడు. ఎత్తు మీద బండి ఆగితే వెనక చక్రం కింద నన్ను తోస్తారు. బండి దొర్లదు. నా చదువూ ఉద్యోగమూ అంతే. ముప్పై ఏళ్లలో నేను ఆపిన బరువంతా కలిపితే, తూర్పు కనుమలు రెండుసార్లు సముద్రంలోకి జారకుండా పట్టుకున్నట్టే. ఒక్క సన్మానమూ జరగలేదు.

పైడయ్య లారీ మానేసి విశాఖపట్నంలో విశ్వనాథరాజు దగ్గర చేరినప్పుడు నన్నూ వెంట తెచ్చుకున్నాడు. రాజుకు 1938 నాటి విలాయితీ కారు ఒకటుంది. ఆయన దాన్ని తుడిచే తీరు చూసి, కార్లుగా పుట్టనందుకు ఆయన పిల్లలు బాధపడి ఉంటారు.

పాత కార్ల ఆసాములు ఏటా మూడు రోజులు మన్యం కొండల్లో పోటీ పెట్టుకుంటారు. వేగానికి మార్కులు లేవు. కారులో ఉన్న ప్రతి వస్తువూ కారుతో పాటు పుట్టిందై ఉండాలి. కిందటేడు ఒక స్క్రూ వయసులో చిన్నదని తేలి, అర మార్కుతో కప్పు పోయింది. ఆ ఇంట్లో పదకొండు రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందుకని ఈసారి రాజు బ్రేకులకు కూడా ఆ కాలం నాటి సరుకే వెతికించి వేయించాడు. అరిగిపోయినా సరే, అసలుది.

మొదటి రోజు అనంతగిరి ఘాట్‌లో ఒక నత్త మమ్మల్ని దాటిపోయింది. అది సైడు కూడా అడిగిందని పైడయ్య చెబుతాడు. స్టీరింగు పట్టేది రాజు, పక్క సీట్లో పైడయ్య. ఆగిన ప్రతిచోటా, కారు ఇంకా పూర్తిగా ఆగకముందే అతను దూకి నన్ను చక్రం కింద పెట్టేవాడు. హ్యాండ్‌బ్రేక్ ఉంది గానీ, అది ఫొటోలకు.

రెండో రోజు పాడేరులో న్యాయనిర్ణేత సోమయాజులు భూతద్దంతో వచ్చి నన్ను చూశాడు.

"ఇది ఏ సంవత్సరానిది?"

"చెట్టునడగాలండి" అన్నాడు పైడయ్య.

రేపు మళ్లీ కనబడితే ఒక మార్కు పోతుందని చెప్పి సోమయాజులు వెళ్లిపోయాడు.

తెల్లారి రాజు పైడయ్యను పక్కకు పిలిచాడు. "ఇవాళ ఆ చెక్క బయటికి తీయకు పైడయ్యా. కారు పుట్టినప్పుడు అది లేదు."

"కారు పుట్టినప్పుడు బ్రేకుండేది గదా బాబూ."

"ఒక్క రోజే కదయ్యా."

"ఒక్కరోజేనని ఘాటీకి తెల్దు గదండి."

రాజు నవ్వి, నన్ను తన చేత్తోనే డిక్కీలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

చింతపల్లి దారిలో ఒక నిటారు మలుపు దగ్గర ఇంజన్ మరిగి ఆగిపోయింది. వెనక లోయ. పైడయ్య దూకాడు. కొత్తగా వేసిన తారు రోడ్డు, పక్కన గోళీ అంత రాయి కూడా లేదు. కారు మెల్లగా వెనక్కి కదిలింది.

"తాళం, బాబూ" అన్నాడు పైడయ్య.

రాజు రెండు కాళ్లూ బ్రేకు మీద ఉన్నాయి. ఒక చెయ్యి జేబులోకి పోయింది. కారు అంతసేపు ఆగలేదు.

నాకూ చక్రానికీ మధ్య ఒక్క రేకు. చీకట్లో ఏమీ కనబడలేదు. కానీ చక్రం నా మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొంచెం ఎక్కుతుంది, జారుతుంది, కుదురుకుంటుంది. అప్పుడూ అలాగే ఎక్కింది, జారింది, కుదురుకుంది. కింద ఉన్నది నేను కాదు. పైడయ్య కుడికాలు.

వెనక కార్ల వాళ్లు వచ్చి కారును పట్టుకున్నారు. డిక్కీ తెరిచి నన్ను చక్రం కింద తోసి, పైడయ్యను బయటికి లాగారు. కారును పైకి తోసి పక్కన పెట్టాక, రాజు నన్ను చేతిలోకి తీసుకుని, ఆ సంగతే మరిచి పైడయ్యతో పాటు ఎవరిదో జీపెక్కాడు.

ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు. మర్నాడు మధ్యాహ్నం పైడయ్య కళ్లు తెరిచాడు.

"తమరికేటీ అవ్వలేదు గదా బాబూ?"

రాజు తల అడ్డంగా ఊపాడు.

"కారు ఎత్తు మీదే ఉందా?"

"ఉంది."

"కింద ఏటెట్టారు?"

నేను రాజు ఒళ్లోనే ఉన్నాను. ఆయన నావైపు చూశాడు.

ఆ మూడో రోజుకు గాను, కారులో కొత్త వస్తువేదీ కనబడలేదని సోమయాజులు పూర్తి మార్కులు వేశాడు. కప్పు పార్సిల్‌లో ఇంటికొచ్చింది. ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

రాజు మళ్లీ కారు తీయలేదు. షెడ్డులో, బల్లపరుపుగా ఉన్న సిమెంటు నేల మీద, గాలి పోయిన నాలుగు టైర్లతో అది కూర్చుంది. వెనక చక్రం కింద నేనున్నాను. రమ్మని రాజు రెండుసార్లు కబురు చేశాడు. పైడయ్య రాలేదు.

ఈ కారు ఇక ఎక్కడికీ దొర్లదు. ఆ సంగతి రాజుకూ తెలుసు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి, మోకాళ్ల మీద వంగి, నన్ను ఇంకొంచెం లోపలికి తోసి వెళతాడు.