తొమ్మిది చింతగింజలు

విక్టర్ సారు నోట్లోంచి "ఏందంటే" లేకుండా ఒక్క వాక్యం బయటికొచ్చేది కాదు. మెదక్‌లో ఆయన దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలకు ఆయన ఏందంటే సారే, అసలు పేరు సగంమందికి గుర్తుండదు. బడిలో పాఠమైనా, చర్చిలో సాక్ష్యమైనా ముందు ఆ మాట పడాలి, ఆ తరవాతే సంగతి.

భార్య సువార్తమ్మ దానికొక లెక్క పెట్టింది. ఆయన ఎక్కడ మాట్లాడినా ముందు వరసలో కూర్చుని, కుడి గుప్పిట్లో చింతగింజలు పట్టుకునేది. ఒక్కో ఏందంటేకి ఒక్కో గింజ ఎడమ గుప్పిట్లోకి మారేది. ఇంటికొచ్చాక ఆ గుప్పిట విప్పి, "ఇయ్యాల ఇరవై రెండు. పోయినసారికన్న నయమే," అని నవ్వేది. పిల్లల్లేని ఆ ఇంట్లో అదే వాళ్లిద్దరి ఆట. ఎదురుగా ఆమె లేకపోతే సారుకి మైకు పట్టుకోవడానికి చెయ్యి రాదు.

ఆమె పోయి ఏడాదైంది. సంవత్సరం ప్రార్థన కూటంలో సారు ఒక మాట చెప్పి తీరాలనుకున్నాడు. ఎవరికీ చెప్పుకోలేక ఏడాదిపాటు కడుపులో దాచుకున్న మాట అది. తడబడితే మధ్యలోనే ఆగిపోతానని భయం. అందుకే రాసుకుని, నలభై రోజులు సెల్‌ఫోన్‌లో తన గొంతు తానే రికార్డు చేసుకుని, విని, మళ్లీ చేసి, ఏందంటేని కలుపు పీకినట్టు పీకేశాడు. ఆ ఇంట్లో సాధనకు అడ్డమొచ్చే మనిషెవరు గనక!

కూటం రోజు మధ్యాహ్నం, ఇంటిముందు షామియానా కింద డెబ్బైమంది దాకా కూర్చున్నారు. పాస్టరు ప్రార్థన ముగించి మైకు అందించాడు. సారు మొదలుపెడితే ఒక్క తొట్రుపాటు లేదు, నీళ్లు పోసినట్టు సాగిపోయింది. సువార్తమ్మ వంట, సువార్తమ్మ పాట, సువార్తమ్మ భక్తి. ఆ వరసలోనే అసలు మాట కూడా వచ్చింది.

"నా పదవీ విరమణ సన్మానం నాటి ఉదయం ఆమె భుజం లాగుతోందని చెప్పింది. ఆసుపత్రికి తీసుకువెళ్లమని కోరింది. నేను సభ ముగిశాక వెళ్దామన్నాను. ఆమె వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆ సాయంత్రమే ప్రభువు నొద్దకు చేరింది."

"ఆమెన్!" అన్నాడు సంఘ పెద్ద ఏలీయా, గట్టిగా. వెనక నలుగురు అందుకున్నారు.

సారు చదవడం ఆపి ఏలీయా వైపు చూశాడు. అయ్యో, ఇదెక్కడి ఆమెన్! నా భార్యని నేనే చంపుకున్నానని చెబుతుంటే ఆమెనా? కానీ వాళ్లని అని ఏం లాభం, ప్రభువు పేరు వినగానే నోటికి అలవాటైన మాట. మిగతా నాలుగు ముక్కలూ చదివేసి ఆయన కూర్చున్నాడు.

భోజనాల దగ్గర అందరూ మెచ్చుకున్నారు. "మస్తు చెప్పిన్రు సార్, ఒక్కతాన గూడ ఆగలే," అన్నాడు ఏలీయా, మటన్ ముక్క వడ్డించుకుంటూ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. చేతులు కడుక్కుని, దండాలు పెట్టి, అందరూ వెళ్లిపోయారు. అంతమంది మధ్య ఆయన అంత ఒంటరిగా ఎప్పుడూ లేడు.

చివరికి పక్కింట్లో కిరాయికుండే యాదవ్వ మిగిలింది. కూరగాయల బండి నడుపుకునే మనిషి, పొద్దుటినుంచీ వంటకి సాయంగా ఉంది. షామియానా అంచున గిన్నెలు తోముతూ అడిగింది:

"సారూ, ఏమనుకోవద్దు. మీరు ఏందంటే అన్నప్పుడల్లా, ఆఁ, ఇప్పుడేదో చెప్తడు సారు అని తల ఎత్తి ఇంటుంటి. ఇయ్యాల గా మాట లేకపాయె. ఎక్కడ తల ఎత్తాల్నో తెల్వలే. అక్క గురించి ఆఖరికి ఏమన్నరు? జర మల్ల చెప్పుండ్రి."

సారు జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. సన్మానం నాటి సాయంత్రం దవాఖానాలో నర్సు ఆమె ఎడమ గుప్పిట విప్పితే దొరికిన గింజలు. తొమ్మిది.

"ఏందంటే..." అన్నాడు.

యాదవ్వ గిన్నె కింద పెట్టి తల ఎత్తింది.

"ఏందంటే యాదవ్వా... పొద్దుగాల్నే చెప్పింది, భుజం గుంజుతుందని. దవాఖానకు పోదామన్నది. ఏందంటే... ఆమె ముందల లేకుంటే నాకు మాట రాదు. గందుకే... ఏందంటే... మీటింగ్ అయినంక పోదామన్న. నొప్పితోనే కూసొని... ఏందంటే... గివి లెక్కవెట్టింది."

యాదవ్వ ఆమెన్ అనలేదు.

"తప్పు జేసిన్రు సారూ," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఏడాదిగా ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని కాచుకున్న మనిషి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి బావురుమన్నాడు. ఏడుస్తూనే, అలవాటు చొప్పున ముందు వరస వైపు చూశాడు, ఎన్నయ్యాయన్నట్టు. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.