ఆస్బర్టు సాక్ష్యము

శరత్తు ప్రవేశించెను. ఆంగ్లదేశపు మంచుతెరలలో మునిగిన యవల చేలు జలభారముచే తలలు వాల్చియుండగా వర్షార్ద్రవస్త్రుడై చలికి వణకుచు దొరపంటను కోయుచున్న ఆస్బర్టు గట్టునకావల తన చేను కుళ్లిపోవుటను చూచుచునే యుండెను. తాతలనాడు కత్తిపట్టి కొలిచినవారికి దొరలొసగిన నేలయే కాలక్రమమున వారి మనుమలను వారమునకు మూడుదినముల వెట్టికి కట్టివేసినది.

అయినను ఆస్బర్టును చలికంటె మిన్నగా కొరికినది పినతండ్రి కొడుకు హామండు భాగ్యము. మూడేండ్ల క్రిందట ఊరు విడిచి ప్రాకారపరివేష్టితమగు పట్టణము చేరి నేతగాడైన హామండు నీలి ఉన్ని అంగీ తొడిగి తిరుగుచున్నాడని విన్ననాటినుండి ఆ నీలిమ ఆస్బర్టు కంట నలుసై పడెను. ఒకే తాత నెత్తురు గదా, వానికి నీలి అంగీ, నాకు తడిగోనెయా యని కుళ్లి కుళ్లి కృశించెను.

అంతలో దొర, హామండు తన పుట్టుబానిసయని రాజన్యాయసభలో వ్యాజ్యము వేసెను. అచటి ధర్మము విచిత్రమైనది. రక్తబంధువొకడు నిలిచి తానును పుట్టుబానిసనేయని ప్రమాణము చేసిననేగాని దావా నిలువదు. దొరకు చిక్కిన బంధువు ఆస్బర్టొక్కడే.

హామండు కబురంపెను: “అన్నా, నీవు నోరు విప్పకున్న చాలును. మన తాత స్వతంత్రుడని తీర్పగును. అది నీకును నీ బిడ్డకును వర్తించును.”

భార్య ఈడిత్తు చేతులు జోడించెను. “ఏమయ్యా, ఊరకుండిన వచ్చు భాగ్యమిది! మన సిసిలీ దొర యనుమతి వేడక పెండ్లాడును. నోటికి తాళము వేసికొనుము, నీకు పుణ్యముండును!”

ఆస్బర్టు తలయూపెను. నిజముగనే ఊరకుండవలెననుకొనెను.

కాని సభకు వచ్చిన హామండు అంగీ అంచున కుందేటిబొచ్చు కూడ కుట్టబడియుండెను. ఔరా, ఆ బొచ్చే కొంప ముంచినది! ఎదుటివాని రెండు కన్నులును పోవునన్న తనకొకటి పోయినను మేలనువారు లోకమున లేకపోలేదు. ఆస్బర్టు దిగ్గున లేచి సువార్తగ్రంథముపై చేయివేసి “నేను పుట్టుబానిసను. నా తండ్రియు తాతయు నట్టివారే. వీడు నా పినతండ్రి కొడుకు” అని గొంతెత్తి పలికెను. లేఖకుడు వ్రాసికొనెను.

హామండు పట్టణపెద్దల ముద్రగల పత్రమొకటి న్యాయాధిపతికి సమర్పించెను. ప్రాకారములోపల ఏడాదియు నొకదినమును నిరాటంకముగా వసించినవాడు స్వతంత్రుడని అందుండెను.

“దీనిని ముందే ఏల చూపవైతివి?”

“ఇది నన్నొక్కనినే విడిపించును ప్రభూ. తాత పేర గెలిచిన మా యన్నయు విడుదలయగునని ఆశపడితిని.”

“అయ్యయ్యో, నా మాట వెనుకకు తీసికొందును!” అని ఆస్బర్టు మొరపెట్టెను.

“రాజసభలో నీ నోట నొప్పుకొన్న బానిసత్వమునకు తిరుగులేదు. నీ సంతతికిని అంతే” అనెను న్యాయాధిపతి.

వెలుపల వాన కురియుచుండెను. హామండు అంగీ విప్పి అన్న భుజములపై కప్పి వెడలిపోయెను.

మరునాడు దొరవారి కొమ్ము మ్రోగగనే ఆస్బర్టు కొడవలి గొని చేనికి నడచెను. తానును కొడవలి పట్టి వెంట వచ్చుచున్న సిసిలీ తండ్రి మేనిపై తడిసి వ్రేలాడు నీలి అంగీని చూచి మెల్లగా అడిగెను.

“నాయనా, వెచ్చగా నున్నదా?”