భీమారావు కుడికన్ను

హాలిఫాక్స్ నుంచి డార్ట్‌మత్‌కి నడిచే ఫెర్రీలో భీమారావుది తాళ్ళు కట్టే పని. పడవ ఒడ్డుకి చేరగానే తాడు విసిరి బిగించడం, గేటు తీయడం, జనం దిగాక మళ్ళీ వేయడం. ఆసుపత్రికి పోయే నర్సులు, నేవీ కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, రోజూ దాదాపు అవే మొహాలు. పడవ కదిలాక వాళ్ళలో ఎవరో ఒకరు, గొడుగు అవతలి బెంచీ మీద మర్చిపోయామంటూ అతని దగ్గరకి వచ్చేవారు. భీమారావు ఎడమకన్ను మూసి, కుడికన్నుతో ఆ ఒడ్డుకేసి చూసి, చెయ్యి చాపి గొడుగు తీసి ఇచ్చేవాడు. వాళ్ళు థాంక్స్ చెప్పి ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయేవారు.

అతని కుడికన్ను అలాంటిది. ఎంత దూరాన ఉన్నదైనా ఆ కంటికి కనబడితే చేతికి అందుతుంది. మిలిటరీ నుంచి ఇంటికి వచ్చేసిన కొత్తలోనే భార్య కనకదుర్గ సంగతి కనిపెట్టింది. వీధి అరుగు మీద కూర్చుని పక్కూరి సంతలో వంకాయలు ఏరుతుంటే, "పుచ్చులు చూసుకోండి" అంది, అంతే. కూరగాయలామె కూడా అటునుంచే తూచి ఇచ్చేది.

కాకపోతే కనబడాలి. గోడ వెనక ఉన్నది అందదు. నీళ్ళ అడుగున ఉన్నది అందదు. మంచు కింద ఉన్నది అసలే అందదు.

ఆ మంచు కింద అతని స్నేహితుడు ఉన్నాడు.

ఆంజనేయప్రసాద్, భీమారావు ఇద్దరిదీ ఉద్దానంలో సముద్రం పక్కన ఒకే ఊరు. ఒకేరోజు సైన్యంలో చేరారు. భీమారావు స్నైపర్ అయ్యాడు. ప్రసాద్ అతని పక్కనే బోర్లా పడుకుని, బైనాక్యులర్స్‌లోంచి చూస్తూ దూరం, గాలి చెప్పేవాడు. ప్రసాద్ నోరు విప్పకుండా భీమారావు ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాడు కాదు. ఒక చలికాలం ఇద్దరినీ సరిహద్దులో ఎత్తైన కొండ మీది పోస్ట్‌లో పెట్టారు. భీమారావు పాదం మంచుకి నల్లబడితే కిందికి దింపేశారు. ఇంకొకణ్ణి పంపేదాకా ప్రసాద్ ఒక్కడే పైన ఉన్నాడు.

మర్నాడు పొద్దున, కింది క్యాంపులో రేడియో పక్కన పడుకున్న భీమారావు స్నేహితుడి గొంతు విన్నాడు.

"సాబ్, మంచు పగులుతోంది. దిగిపోనా?"

జవాబు చెప్పింది వాళ్ళ కమాండర్, కల్నల్ యోగానంద్. "రేపు జనరల్ గారు హెలికాప్టర్‌లో వస్తున్నారు. పోస్ట్ ఖాళీగా కనబడకూడదు. ఉండు."

"ఉంటాను సాబ్."

మధ్యాహ్నానికి కొండ చరియ మొత్తం జారిపోయింది. వెతికినా మనిషి దొరకలేదు. ఎంక్వైరీలో కల్నల్, తాను ముందే దిగమన్నాననీ, ఆసరికే ప్రసాద్ పోస్ట్ వదిలి పారిపోయాడనీ, బహుశా సరిహద్దు దాటి ఉంటాడనీ చెప్పాడు. భీమారావు తను విన్నది చెబితే, ఎత్తులో ఉండి ఉండి మతి చలించిందని రాసి ఇంటికి పంపేశారు. కల్నల్‌కి మెడల్ వచ్చింది.

ఊళ్ళో బడి ముందు సైనికుల పేర్లు చెక్కిన రాయి ఉంది. దాని మీద ప్రసాద్ పేరు ఎక్కలేదు. అతని భార్య చంద్రకళ బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. ఉంచుకుంటే సిగ్గు లేదన్నారు, తీసేస్తే మొగుణ్ణి దాచిపెట్టి నాటకాలన్నారు. జీడిపప్పు ఒలిచే చోట ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పారిపోయినవాడి పెళ్ళాం అన్నదే ఆమె పేరయిపోయింది.

ఆ కల్నల్ ఎక్కడున్నా వెతికి పట్టుకుని చంపుతానని భీమారావు అప్పుడే అనుకున్నాడు. కల్నల్ రిటైరై దేశం వదిలి వెళ్ళిపోయాడని తప్ప ఇంకేమీ తెలియలేదు. ఏళ్ళు గడిచాయి. కనకదుర్గకి హాలిఫాక్స్‌లో వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం వచ్చింది, ఆమె వెంట అతనూ వచ్చాడు. డ్యూటీ దిగాక రోజూ రేవు చివర నిలబడి తూర్పుకి చూసేవాడు. కొండలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఏ ఒడ్డునుంచైనా కనబడతాయి అనేవాడు. ఆ కొండా కనబడేది. దాని మీద మంచూ కనబడేది. అంతకుమించి ఏమీ కనబడేది కాదు.

జూన్ నెలలో ఒక శనివారం, పడవ మీద ఒక పెద్దాయన టోపీ గాలికి ఎగిరి నీళ్ళలో పడింది. భీమారావు అలవాటుగా ఎడమకన్ను మూసి, చెయ్యి చాపి, టోపీ తీసి, నీళ్ళు దులిపి అందించాడు.

"థాంక్యూ. తెలుగువారా?" అన్నాడు పెద్దాయన.

ఆ గొంతు భీమారావుకి తెలుసు. జుట్టు నెరిసింది, వెన్ను వంగింది, గొంతు మాత్రం రేడియోలో విన్నదే. పక్కన ఆయన కూతురు ఉంది. పేరు సుప్రజ, ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. "డాడీ, జాగ్రత్త, తడిగా ఉంది" అంటూ చెయ్యి పట్టుకుని దింపింది. కల్నల్ యోగానంద్ భీమారావుని గుర్తుపట్టలేదు. అతని మొహం సరిగ్గా చూడనైనా లేదు.

ఆ రోజు నుంచి భీమారావు తూర్పుకి చూడటం మానేశాడు. కల్నల్ ఉండేది డార్ట్‌మత్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని టీ తాగుతాడు. ఇవతలి ఒడ్డున భీమారావు కుడికన్ను ఆయన మెడ మీదే ఉండేది. తుపాకీ అక్కర్లేదు. గాలి చెప్పేవాడూ అక్కర్లేదు. చెయ్యి చాపితే చాలు.

వేసవి అంతా అలా చూస్తూనే ఉన్నాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒక సాయంత్రం చెయ్యి చాపనే చాపాడు. వేళ్ళు కల్నల్ కాలర్‌కి తగిలాయి. అక్కడ బాల్కనీలో పెద్దాయన చలేసినట్టు మెడ సవరించుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

వెనక కనకదుర్గ నిలబడి ఉంది, డ్యూటీ బట్టల్లోనే. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అతనే," అన్నాడు.

"తెలుసు. జూన్ నుంచీ చూస్తూనే ఉన్నా మిమ్మల్ని." ఆమె ఫోన్ తీసి నంబర్ నొక్కింది. "నన్ను అడక్కపోయినా పర్లేదు. చంద్రకళని అడిగి చెయ్యండి ఏం చేసినా."

అక్కడ అప్పుడే తెల్లవారుతున్నట్టుంది, ఫోన్‌లో కోళ్ళు కూస్తున్నాయి. భీమారావు అంతా చెప్పాడు. మనిషి దొరికాడనీ, చేతికందే దూరంలో ఉన్నాడనీ, ఆమె ఊ అంటే చాలనీ.

చంద్రకళ అంతా విని అడిగింది.

"ఎన్నాళ్ళయిందన్నా ఆడు కనబడి?"

"మూడు నెల్లు."

"మూడు నెల్ల నుంచీ ఆడి ఏపే సూస్తన్నావు. మరి మా ఆయనేపు ఎవులు సూస్తన్నారు?"

భీమారావు బాల్కనీ మీంచి చూపు దించుకున్నాడు.

"ఆడు సచ్చిపోతే నిజం కూడా ఆడితోటే పోద్ది. నానేటి సేసుకుంటాను ఆడి శవం? నాకు మా ఆయన కావాలన్నా."

ఫోన్ పెట్టేశాక భీమారావు సిగ్గుతో తూర్పుకి తిరిగి ఎడమకన్ను మూశాడు. సముద్రం దాటింది చూపు, దేశాలు దాటింది. కొండ కనబడింది. అతను చూడని ఆ వేసవిలో, అన్నేళ్ళుగా కరగని మంచు కరిగింది. పోస్ట్ ఉన్నచోట రాతి బండ బయటపడింది. బండలో దిగేసిన ఇనప మేకు, మేకుకి కట్టిన తాడు, తాడు చివర మంచులోంచి పొడుచుకొచ్చిన ఒక మోచెయ్యి.

"ఉన్నాడు," అన్నాడు. "అక్కడే ఉన్నాడు దుర్గా."

ఆ మోచెయ్యి పట్టుకోబోతుంటే కనకదుర్గ ఆపింది. "శనివారం దాకా ఆగండి. తెచ్చేదేదో ఆ పెద్దమనిషి ముందే తెండి."

శనివారం పొద్దున, ఎప్పటిలాగే రైతుబజారుకి వెళ్ళడానికి తండ్రీకూతుళ్ళు పడవ ఎక్కారు. పడవ నడి నీళ్ళలోకి వచ్చాక భీమారావు కల్నల్ ముందుకు వెళ్ళి, మడమలు కలిపి సెల్యూట్ చేశాడు.

"నాయక్ భీమారావు, సాబ్."

పెద్దాయన ఈసారి అతని మొహం సరిగ్గా చూశాడు. "నువ్వా. టోపీ తీసిచ్చావు కదూ."

"కొండ మీద నా పక్కన ఆంజనేయప్రసాద్ ఉండేవాడు. జ్ఞాపకం ఉందా సాబ్?"

"పారిపోయాడు కదా అతను." కల్నల్ కూతురి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అదంతా అప్పుడే తేలిపోయింది. ఇప్పుడెందుకు తవ్వడం?"

"తవ్వక్కర్లేదు సాబ్. మంచే కరిగింది."

భీమారావు ఎడమకన్ను మూసి, కాళ్ళు రెండూ రెయిలింగ్‌కి తన్నిపెట్టి, రెండు చేతులూ తూర్పుకి చాచాడు. ముందు చలి వచ్చింది. సెప్టెంబర్ ఎండలో బెంచీల మీద మంచుపొడి పేరుకుంది. తర్వాత బరువు వచ్చింది. మేకు బండలో గట్టిగా దిగి ఉంది. లాగుతుంటే పడవ ఒకవైపుకి ఒరిగింది. నేవీ కుర్రాళ్ళు ఇద్దరు కాఫీ కప్పులు కింద పెట్టి వచ్చి, అతని నడుం పట్టుకుని వెనక్కి లాగారు. మరో నలుగురు వాళ్ళని పట్టుకున్నారు. కెప్టెన్ ఇంజన్ ఆపేశాడు.

మేకు ఊడింది. పడవ మళ్ళీ నిటారుగా నిలబడింది.

డెక్ మీద ఆంజనేయప్రసాద్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు ముడుచుకుని, నడుముకి రెండు చుట్లు తాడు చుట్టుకుని, ఆ తాడు పోస్ట్ మేకుకి తన చేత్తోనే ముడివేసుకుని. మెడలో బైనాక్యులర్స్, కనురెప్పల మీద మంచు. వయసు ఇరవై ఎనిమిది దాటలేదు. నర్సు ఒకామె తన కోటు విప్పి అతని భుజాల చుట్టూ కప్పింది. కుర్రాళ్ళు టోపీలు తీశారు.

సుప్రజ ఆ ముడివైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"డాడీ, పారిపోయేవాడు తనని తాను కట్టేసుకుంటాడా?"

కల్నల్ యోగానంద్ ప్రసాద్ ఎదురుగా డెక్ మీద కూర్చున్నాడు. చేత్తో అతని మోకాళ్ళ మీద మంచు తుడిచాడు. ఎంత తుడిచినా ఇంకా ఉంది.

"దిగిపోతానన్నాడు," అన్నాడు చివరికి. "నేనే ఉండమన్నాను. ఉన్నాడు. పోస్ట్ వదల్లేదు. అబద్ధం చెప్పింది నేను."

భీమారావు ఊరికి ఫోన్ కలిపి ఆయన నోటి దగ్గర పెట్టాడు. "ఇంకోసారి చెప్పండి సాబ్. ప్రసాద్ భార్య వింటోంది."

ఆయన ఇంకోసారి చెప్పాడు. అవతల చంద్రకళ ఏడవలేదు.

"ఇలగే మా ఊరొచ్చి సెప్పండి," అంది. "బడి కాడ, అందరి ముందరా."

కల్నల్ మెడ అప్పుడు భీమారావు చేతికి జానెడు దూరంలో ఉంది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. స్నేహితుడి పక్కన డెక్ మీద బోర్లా పడుకుని, చాలా ఏళ్ళ తర్వాత గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. గాలి పడమట నుంచి మెల్లగా వీస్తోంది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. కల్నల్ తనే దిల్లీకి ఫోన్ చేసి, ఏం చేశాడో పై అధికారులకి చెప్పి, మెడల్ తిరిగి ఇచ్చేశాడు. సైన్యం ప్రసాద్‌ని జెండా కప్పిన పెట్టెలో ఊరికి పంపింది. కూతురు వద్దన్నా వినకుండా కల్నల్ ఆ పెట్టె వెంటే వెళ్ళాడు. బడి ముందు నిలబడి, పడవలో చెప్పిన మాటలే అందరికీ వినబడేలా చెప్పాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. శిల్పి రాయి మీద మొదటి పేరు పైన చోటు చూసి ఆంజనేయప్రసాద్ పేరు చెక్కాడు.

భీమారావు వెళ్ళలేకపోయాడు. ఇక్కడ ఉండనిచ్చే PR కార్డ్ రెన్యువల్‌లో ఉంది, అది లేకుండా దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. చంద్రకళకి ఆ మాట చెప్పి బాధపడితే, "ఊరు సముద్రం పక్కనే కదన్నా, మధ్యలో ఏటడ్డం? నీళ్ళే కదా" అంది.

అంతిమయాత్ర రోజున అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ పొద్దు పొడిచింది. భీమారావు తన పాత యూనిఫాం తొడుక్కుని రేవుకి వచ్చాడు. బొత్తాలు పట్టలేదు, కనకదుర్గ పిన్నులు పెట్టింది. ఎడమకన్ను మూయగానే ఊరు కనబడింది. ఊరంతా రోడ్డు మీదే ఉంది. డప్పులు మోగుతున్నాయి. పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని చంద్రకళ నడుస్తోంది, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని. ఆడవాళ్ళు పట్టకూడదన్నారట. ఇన్నాళ్ళూ మోసింది నేనే, ఇదీ నేనే మోస్తానందట. అరుగుల మీద నిలబడి ఆమెకి దండం పెడుతున్న మనుషులు, ఒకప్పుడు ఆమె పక్కన కూర్చోని మనుషులే. ఆమె ఎవరి దగ్గరా ఆగలేదు.

పాడె నాలుగో మూల ఎవరినీ పట్టనివ్వలేదు ఆమె. మా అన్న పట్టుకుంటాడంది. ముగ్గురే ఎత్తారు, నాలుగో మూల వాలలేదు.

హాలిఫాక్స్ రేవులో, చెయ్యి చాపిన భీమారావు కుడిభుజం కిందికి దిగింది. బరువు సర్దుకుని చెక్క బాట మీద నడవసాగాడు. జాగింగ్ చేసేవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఒకాయన కుక్క గొలుసు దగ్గరికి లాక్కుని, అతను దాటేదాకా ఆగాడు.

అక్కడ, పాడెకి ఎదురు మూల కింద, కల్నల్ యోగానంద్ చెప్పుల్లేకుండా ఇసుకలో నడుస్తున్నాడు. ముసలి కాళ్ళు తడబడుతున్నాయి, పాడె ఊగుతోంది.

"అడుగు కలపండి సాబ్," అన్నాడు భీమారావు. "ఎడమ. కుడి. ఎడమ."

కల్నల్ తలవంచి అడుగు కలిపాడు.