సంచిలో నగరేశ్వరరావు గారు

గోల్ బజారులో కిరాణా కొట్టు నడిపిన నగరేశ్వరరావు గారు పోయి మూడేళ్ళయింది గానీ, ఆయన చరుపు మాత్రం పోలేదు. బతికున్నన్నాళ్ళూ ఆయన కొడుకు కోటిలింగం మెడ మీద ఫట్టుమని చరిచేవారు. కందిపప్పు తూకం కాస్త మొగ్గితే ఒకటి, మొగ్గకపోతే ఒకటి. ఏ తప్పూ దొరకని రోజున, దొరకనందుకు ఇంకొకటి. అదీ చాటుగా కాదు, కొనడానికొచ్చిన బేరాలన్నీ చూస్తుండగా. కోటిలింగానికి ముప్పై ఏళ్ళు దాటాయి, మీసం ఉంది, బజారులో నలుగురూ షావుకారు అని పిలుస్తారు. ఆ ఫట్టు వినపడగానే అవన్నీ ఎగిరిపోయి, ఎనిమిదేళ్ళ వెధవ ఒకడు మిగిలేవాడు.

దినాలయ్యాక కొట్టు తెరిచిన మొదటి పొద్దున్నే, పాత ఖాతాదారు విల్‌ఫ్రెడ్ సైకిల్ దిగాడు. రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ మేకర్. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జరిగే బాక్సింగ్ పోటీల్లో నాలుగేళ్ళుగా కప్పు అతనిదే. ఆదివారాలు చర్చిలో సంఘ పెద్ద, వంచిన ప్రతి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. చాలా మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ మంచివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, కోటిలింగాన్ని కావిలించుకుని, చెయ్యెత్తి అచ్చం నగరేశ్వరరావు గారిలాగే మెడ మీద ఫట్టుమనిపించాడు.

"మీ నాన్న లేని లోటు నీకు తెలీకూడదురా కోటీ. నేనున్నాను," అన్నాడు.

అన్న మాట తప్పలేదు. ఎండా వానా అనకుండా మూడేళ్ళ పాటు పొద్దున వర్క్‌షాపు సైరన్ కూసే ముందు వచ్చి చరిచి వెళ్ళాడు. సెలవు పెట్టిన రోజు కూడా, ఆ ఒక్క పని కోసం రైల్వే క్వార్టర్లున్న ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. కోపంతో కొట్టేవాణ్ణయితే తిట్టొచ్చు. పరామర్శకి వచ్చినవాణ్ణి ఏమని తిట్టడం? కోటిలింగం లోపల ఉడికిపోతూ, పైకి నవ్వుతూ, మూడేళ్ళు గడిపాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికే రోత.

ఒక రోజు మాత్రం నోరు విప్పాడు.

"అన్నా, ఇంక సాలన్నా. కొట్టకు."

విల్‌ఫ్రెడ్ ఆశ్చర్యపోయాడు. "ఈ మాట మీ నాన్నకి ఎప్పుడైనా సెప్పినావేటి?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్తన్నావు?" అని కాసేపు ఆలోచించి, ఆటగాడు గనక ఆటగాడి మాటే చెప్పాడు. "ఠీక్ హై. స్పోర్ట్స్ డే నాడు నాతోటి మూడు రౌండ్లు నిలబడు. ఆపైన నీ మెడ ముట్టను. బైబిల్ మీద ఒట్టు. నాకు సేతులు సాలు గానీ, నువ్వు కావాలంటే కాళ్ళతో తన్నుకోవచ్చు."

స్పోర్ట్స్ డేకి నలభై రోజులుంది. కోటిలింగం తిన్నగా నూకయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏడాదే, అంటే పంతొమ్మిది వందల అరవై ఐదులో, రంగూన్ నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చి, మేనకోడలి క్వార్టర్‌లో తలదాచుకుంటున్న ముసలాయన నూకయ్య. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసినన్నాళ్ళూ, సాయంత్రాలు బర్మా వాళ్ళ దగ్గర కాళ్ళూ చేతులూ రెండూ వాడే బాక్సింగు నేర్చుకున్నాడట. పొడుగు మనిషేమీ కాదు, కొట్టులో పొగాకు అందుకోవడానికే ముక్కాలి పీట ఎక్కేవాడు. అయినా ఎండిన కాలు విసిరితే గాలి కోసుకుపోయిన చప్పుడయ్యేది.

"ముందు సంచి కట్టాల షావుకారు బాబూ," అన్నాడు నూకయ్య. "మనిషికైతే దెబ్బ తగిల్తే కోపం వస్తాది. సంచికి రాదు. ఎన్ని తప్పులు సేసినా ఊరుకుంటాది. ఇసక పోస్తే కాలిరిగిపోద్ది, పాత గుడ్డలు కూరాల."

కొట్టులో గోనె సంచులకి కరువేముంది? ఒక దాంట్లో ఒకటి దూర్చారు. గుడ్డలు కావాలని కోటిలింగం అనగానే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తలా ఒకటీ తెచ్చి పడేశారు. తల్లి కన్యకాంబ పెట్టె తెరిచి తనకి తోచినవి ఇచ్చింది. సర్దడమూ, దబ్బనంతో మూతి కుట్టడమూ ఆవిడే చేసింది. కొట్టు వెనక గోదాములో దూలానికి మోకుతో వేలాడదీశారు.

"కాలెత్తడం కాదు, నడుం తిప్పాల," అని మొదలెట్టాడు నూకయ్య. "కింద ఆనిన కాలి మడమ తిరగాల. పాదంతో కాదు, ముంగాలి ఎముకతో తగలాల. తగిలినాక అక్కడే ఉంచకు, ఎనక్కి లాగీ. సెయ్యి బుగ్గ మీంచి జారకూడదు. అసలు సంగతి ఒకటుంది బాబూ. తోస్తే సంచి ఊగుద్ది. కొడితే ఒంగుద్ది. నీ సంచి ఒంగిన్నాడు నువ్వు నేర్సుకున్నట్టు."

కోటిలింగం పంచె ఎగ్గట్టి, గుండెల నిండా గాలి పీల్చి, నడుము ఎత్తున కాలు విసిరాడు. 

టింగ్.

సంచి లోపల ఇత్తడి గుండీ మోగింది. ఆ చప్పుడు కోటిలింగం నిద్రలో విన్నా గుర్తుపడతాడు. తండ్రి నల్లకోటు చేతికి మూడు ఇత్తడి గుండీలుండేవి. ఆయన చెయ్యి లేపినప్పుడల్లా త్రాసు పళ్ళేనికి తగిలి టింగుమనేవి. వెంటనే ఫట్టు. టింగుకీ ఫట్టుకీ మధ్య మెడ బిగపట్టుకోవడానికి సరిగ్గా సరిపడా వ్యవధి. ఇప్పుడూ మెడ దానంతటదే బిగుసుకుంది. గభాలున వంగి, సంచిని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకున్నాడు.

"అదేటి?" అన్నాడు నూకయ్య.

"మా నాన్న కోటు తాతా. కాలు తగిలింది."

"తగల్లేదు బాబూ. తన్నినావు."

కోటు ఎందుకిచ్చావని ఇంట్లో అడిగితే కన్యకాంబ చేటలోంచి కళ్ళెత్తలేదు. "పాత గుడ్డలు అడిగినావు, ఇచ్చినాను," అంది. పొరపాటున పడిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. సంచి విప్పి తీసేద్దామంటే, కుట్టిన కుట్టు విప్పనని ఆవిడ దబ్బనం దాచేసింది.

కోటు సంగతి బజారంతా పాకడానికి ఒక పూట పట్టింది. సాయంత్రం ఎస్తేరమ్మ వచ్చింది. ఆవిడ భర్త గూడ్సు గార్డుగా చేసి పోయాడు. ఆయన తెల్లప్యాంటు ఈవిడే తెచ్చిచ్చింది.

"మా ఆయన ఎక్కడున్నాడు నాయనా?" అంది. సంచి చుట్టూ తిరిగి తడిమి తడిమి, మోకాలి ఎత్తున ఒక చోట ఆగి, సుద్దముక్కతో శిలువ గీసింది. "ఇదిగో, ఇక్కడ. కొట్టుకో గానీ, ఆదివారం మాత్రం ఒద్దు."

మర్నాడు టికెట్ కలెక్టర్ సుందర్ రాజు వచ్చి, పోయిన తన మేనమామ స్వెట్టర్ భుజం ఎత్తున ఉందని తేల్చుకుని వెళ్ళాడు. ఇంకెవరో నామం పెట్టారు. ఇంకెవరో బంతిపూల దండ వేశారు. వారం తిరిగేసరికి ఆ గోనె సంచిలో ఓల్డ్ సెటిల్‌మెంట్ పెద్దలు సగం మంది చేరిపోయారు. పప్పూ ఉప్పూ కొనడానికి వచ్చినవాళ్ళు గోదాములోకి తొంగిచూసి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళేవారు. బేరం పెరిగింది, సాధన సన్నగిల్లింది.

ఇంతమంది పెద్దల్ని కాలితో తన్ని ఊరుకోవడం ఎలా? కోటిలింగం ఒక్కో తన్నుకీ ఒక్కసారి వంగి కళ్ళకద్దుకునేవాడు. పొద్దున వంద తన్నులు, వంద మొక్కులు. వద్దనుకున్నా వంగిపోయేవాడు. నూకయ్య వీపుకి వెదురుబద్ద కట్టాడు. కోటిలింగం బద్దతో సహా వంగితే, దాని కొన నూకయ్య గడ్డానికే తగిలింది.

"నలభై ఏళ్ళు బర్మాలో ఉన్నాను," అన్నాడు ముసలాయన గడ్డం రుద్దుకుంటూ. "దెబ్బ దెబ్బకీ సమాపణ సెప్పినోణ్ణి సూడనేదు. సరే, మొక్కు. మొక్కినపుడు ఎడం సెయ్యి బుగ్గ మీంచి తియ్యకు. సటుక్కున ఒంగి సటుక్కున లెగు."

అలా మొక్కుకి కూడా సాధన మొదలైంది. నెల తిరిగేసరికి తన్నూ మొక్కూ ఒకే కదలికైపోయాయి. సంచి మాత్రం ఊగేదే గానీ, ఒక్కనాడూ వంగలేదు. టింగుమనే ముందే కోటిలింగం కాలు సగం బలం దాచుకునేది.

స్పోర్ట్స్ డే నాడు ఇన్‌స్టిట్యూట్ హాలు కిటకిటలాడింది. రిఫరీ సుందర్ రాజే. రూల్స్ పుస్తకం ఎత్తి అందరికీ చూపించాడు. "కాళ్ళు వాడకూడదని ఇందులో రాసుంది. ఇద్దరూ ఒప్పుకున్నారు గనక ఆ పేజీ ఇయ్యాల్టికి మూసేస్తన్నాను," అన్నాడు.

గంట కొట్టారు. విల్‌ఫ్రెడ్ ఆప్యాయంగా నవ్వుతూ ముందుకొచ్చాడు. కోటిలింగం మడమ తిరిగింది, నడుము తిరిగింది, ముంగాలు విల్‌ఫ్రెడ్ తొడకి తగిలింది. తగిలిన మరుక్షణం ఎడమ చెయ్యి బుగ్గ మీదే ఉంచి, వంగి, అతని తొడని తాకి కళ్ళకద్దుకున్నాడు. సరిగ్గా అప్పుడే విల్‌ఫ్రెడ్ కుడి గుద్దు, ఒక్క క్షణం కిందట కోటిలింగం ముక్కు ఉన్న చోటు మీదుగా వెళ్ళిపోయింది.

మళ్ళీ తన్నాడు, మొక్కాడు. మళ్ళీ గుద్దు గాలికి పోయింది. జనం ఇదేదో రంగూన్ విద్య అనుకుని చప్పట్లు కొట్టారు. నూకయ్య నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

రెండో రౌండు సగానికి విల్‌ఫ్రెడ్ నవ్వు ఆగింది. కిందకి చూడటం మొదలెట్టాడు. అతని చూపు వంచిన మెడ మీదే ఆగిందని కోటిలింగానికి చూడకుండానే తెలిసింది. రౌండు అయిపోగానే కోటిలింగం వచ్చి మూల స్టూలు మీద కూలబడ్డాడు.

"మెడ నేనే తీసుకెళ్ళి ఇస్తన్నాను తాతా."

"అయితే మొక్కకు."

"నా వల్ల అవదు," అన్నాడు కోటిలింగం. ఏడుపొచ్చింది అతనికి. ఏ చరుపు తప్పించుకోవడానికి ఇన్నాళ్ళు చెమటోడ్చాడో, దానికే మెడ వంచడం నేర్చుకున్నాడు. అదీ ఇప్పుడు వీధి బేరాల ముందు కాదు, ఊరంతటి ముందు.

మూడో రౌండులో అతను చాలాసేపు తన్నకుండా తిరిగాడు. విల్‌ఫ్రెడ్ మూలకి తోసేశాడు. ఇక దారి లేక కాలు విసిరాడు. తగిలింది. వంగిపోయాడు. విల్‌ఫ్రెడ్ ఈసారి గుద్దలేదు, చెయ్యి పైకెత్తాడు. కోటిలింగం కళ్ళు మూసుకుని మెడ బిగపట్టుకున్నాడు.

గ్లవ్ వచ్చి తల మీద ఆనింది. మెడ మీద కాదు, తల మీద. మెత్తగా ఆని, అక్కడే ఉండిపోయింది.

"దేవుడు నిన్ను సల్లగా సూడాల," అన్న మాట పైనుంచి వినపడింది.

ప్రతి ఆదివారం వంచిన తలల మీద పడే చెయ్యి అది, దానికి తెలిసిన పని అది చేసేసింది. కోటిలింగం కళ్ళు తెరిచేసరికి విల్‌ఫ్రెడ్ తన గ్లవ్ కేసి, పరాయివాడిదేదో చేతికి తగిలించుకున్నట్టు చూస్తున్నాడు. మళ్ళీ ఎత్తాడు, దించేశాడు. దీవించినవాణ్ణి కొట్టడమెలాగో అతనికి తెలియలేదు. ముందు వరసలోంచి ఎస్తేరమ్మ "ఆమెన్" అంది గట్టిగా. సుందర్ రాజు ఈ సంగతి ఎక్కడైనా రాసుందేమోనని పుస్తకం తిరగేస్తుండగానే మూడో రౌండు ముగిసిన గంట మోగిపోయింది.

మర్నాడు సైరన్‌కి ముందు విల్‌ఫ్రెడ్ వచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది, సగంలో ఆగింది, జేబులో దూరింది.

"ఒట్టు ఒట్టేరా," అన్నాడు దిగులుగా. "గానీ, మీ నాన్న లేని లోటు నీకు..."

"ఆ లోటు నాకు బాగానే ఉందన్నా," అన్నాడు కోటిలింగం.

విల్‌ఫ్రెడ్ అతని మొహంలోకి చూసి, తలూపి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో కన్యకాంబ నిలబడి ఉంది. అంతా విన్నది.

"రా," అని గోదాములోకి దారి తీసింది. సంచి ముందు ఆగింది. "ఈ కోటు పొరపాటున పడిందనుకున్నావేటి? నీ కాలు ఎంతెత్తు లేస్తాదో నూకయ్యని అడిగి, సరిగ్గా అక్కడే పెట్టి కుట్టినాను."

"అమ్మా..."

"ఆ చప్పుడు నేనూ ఇన్నానురా. వంటింట్లోకి ఇనపడేది. ఒక్కనాడూ బయటికి రానేదు." ఆవిడ సంచి కేసి చెయ్యి చూపించింది. "కొట్టు."

కోటిలింగం కాలు విసిరాడు. టింగుమంది. మెడ బిగుసుకుంది, నడుము దానంతటదే వంగబోయింది. తల్లి భుజం పట్టుకుని ఆపేసింది.

"ఒద్దు," అంది. "నువ్వు సాలా ఒంగినావు. ఈసారికి ఆయన్ని ఒంగనీ."

కోటిలింగం నిటారుగా నిలబడ్డాడు. మడమ తిప్పాడు, నడుము తిప్పాడు, కాలు ఏమీ దాచుకోలేదు. లోపల మూడు గుండీలూ ఒకేసారి మోగాయి. సంచి ఊగలేదు. దండతో, నామంతో, శిలువతో సహా, నడుము దగ్గర వంగింది.