నాలుగు-ఒకటి చెప్పిన జవాబు

రండి, రండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికి జరగండి. ఆ చివర ఇద్దరూ మోచేతులతో పొడుచుకోవడం ఆపితే చోటు దానంతటదే వస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ఈ కథ మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. కోపమొస్తే అణుచుకోకండి. ఈ కథకి అది కావాలి.

ఒక ఊళ్ళో పోలీసు కంట్రోల్ రూమ్ ఉండేది. మేడ మీద చివరి గది. ఒక బల్ల, బల్ల మీద వైర్‌లెస్ సెట్టు, రెండు ఫోన్లు, గోడకి పెద్ద గడియారం, మూలన ఇనప బీరువా. ఆ సెట్టు ముందు పదకొండేళ్ళుగా కూర్చునే ఆపరేటర్ని అందరూ ఓవరక్క అనేవాళ్ళు. సెట్టులో ఒకసారి ఒకరే మాట్లాడాలి. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అనడానికి చివర్లో 'ఓవర్' అనాలి. ఆ మాట ఆవిడ నాలుక్కి అంటుకుపోయింది. ఇంట్లో మొగుడితో కూడా "కంచాలు పెట్టాను, ఓవర్" అనేది. ఆయన పాపం, ఆ మాట వినపడేదాకా నోరు తెరిచేవాడు కాదు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి అరుచుకోగా ఎవరూ వినలేదని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు.

సెట్టులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పేరు మనిషిది, పిలుపు కుర్చీది. మనుషులు బదిలీ అయిపోతారు, కుర్చీ ఉండిపోతుంది. అందుకని అంకెలతో పిలుస్తారు. మొదటి అంకె స్టేషనుది, రెండోది బండిది. నాలుగో స్టేషన్లో పెద్దాఫీసరు జీపు 'నాలుగు-ఒకటి'. ఆయన కింది ఆఫీసరు బండి 'నాలుగు-రెండు'. గస్తీ తిరిగే మోటారు సైకిలు 'నాలుగు-మూడు'. ఆ జీపులో ఎవరు కూర్చుంటే వాళ్ళే నాలుగు-ఒకటి. సెట్టు ముందు కూర్చున్నంతసేపూ ఓవరక్క 'కంట్రోల్'. పిలుపు విన్నవాడు 'రోజర్' అనాలి, అంటే మాట అందిందని. అనకపోతే అందనట్టే లెక్క.

ఆ గదిలో అందని మాటలు ఎక్కడికీ పోయేవి కావు. ఎవరిని పిలిచిందో వాళ్ళు బదులిచ్చేదాకా ఫ్యాను రెక్క మీదో, గడియారం మీదో వాలి, ఓవరక్క గొంతుతోనే సన్నగా తమని తాము మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవి. రోజర్ వినపడగానే సబ్బు బుడగలా టప్పున మాయమయ్యేవి. ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆడిస్తూ "జరగవే, కాస్త పక్కకి జరుగు" అని వాటిని కసిరేది.

ఎక్కువ మాటలు రెండు నిమిషాలకి మించి ఉండేవి కావు. ఒక్కసారి మాత్రం రెండో స్టేషను మోటారు సైకిలు, అదే 'రెండు-మూడు', దాని సెట్టులో బ్యాటరీ అయిపోయి, పోయిన సైకిలు గురించిన మాట ఒకటి మర్నాటిదాకా గడియారాన్ని వదల్లేదు. మర్నాడు గదిలోకి వచ్చి, కిటికీలోంచి ఎర్రటి ఎండ మొహాన కొడుతుండగా ఆ కానిస్టేబులు, "ఇక్కడ జోరు వాన, కంట్రోల్. తగ్గాక వెతుకుతా, ఓవర్" అని జవాబిచ్చాడు. వాన ముందురోజుది. ఆలస్యంగా అందిన మాటకి, మొదట పిలిచిన వేళ చెప్పాల్సిన జవాబే నోట్లోంచి వస్తుంది, అంతే. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. బ్యాటరీ చూసుకోనందుకు ఆ కానిస్టేబులుకి మెమో మాత్రం ఇచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం మూడూ పదికి ఫోను మోగింది. కల్వర్టు మలుపులో పాలవ్యాను బోల్తా కొట్టింది. డ్రైవరు కాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. నెత్తురు పోతోంది, తలుపు వంగిపోయి రావడం లేదు. నాలుగో స్టేషను జీపులో తలుపులు పెకలించే గడ్డపార ఉంటుంది. ఆ జీపుకి అది ఐదు నిమిషాల దారి.

"కంట్రోల్ టు నాలుగు-ఒకటి. కల్వర్టు మలుపులో వ్యాను బోల్తా. మనిషి ఇరుక్కున్నాడు, బతికే ఉన్నాడు. వెంటనే వెళ్ళండి. ఓవర్."

బదులు లేదు. మూడుసార్లు పిలిచింది. నాలుగు-రెండు సెలవులో ఉంది, నాలుగు-మూడు కోర్టు డ్యూటీలో ఉంది. చేసేది లేక ఎక్కడో ఉన్న ఏడో స్టేషను బండిని పంపింది. అది చేరి తలుపు పెకలించేసరికి నాలుగైంది. తలుపు ఊడుతుండగానే డ్రైవరు ప్రాణం వదిలాడు. నాలుగు-ఒకటికి పెట్టిన పిలుపు మాత్రం ఎగిరి బీరువా మీద కూర్చుంది.

ఆ జీపు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. పెద్దాఫీసరు గారి బావమరిది కొత్తింటికి సోఫాలు మోస్తోంది. పోలీసు జీపు! గడ్డపార తీసి స్టేషను గోడకి ఆనించి, దాని చోట సోఫా దిండ్లు సర్దారు.

వారం తిరక్కుండా ఎంక్వైరీ వేశారు. ఎవరి మీదనుకున్నారు? ఓవరక్క మీద! డ్యూటీలో నిద్రపోయిందట, మెసేజే ఇవ్వలేదట. ఏ నిమిషానికి ఎవరిని పిలిచిందీ రాసుకునే లాగ్ బుక్కు ఉంటుంది కదా, దాని మీద టీ ఒలికిందని కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జి పట్టుకుపోయి, అంతా కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయించి తెచ్చాడు. మూడూ పదికి ఎదురుగా అందులో తెల్లకాగితమే ఉంది. ఇన్‌చార్జీ, ఆ పెద్దాఫీసరూ ఒకే బ్యాచ్ మరి. పోనీ, సెట్టులో మాట అన్ని స్టేషన్లకీ వినపడుతుంది కదా అంటారా? ఒకడు మా సెట్టు ఆఫ్‌లో ఉందన్నాడు. ఇంకొకడు గరగర తప్ప ఏమీ వినపడలేదన్నాడు. ఏడో స్టేషనువాళ్ళు సైతం, దారిన పోయేవాళ్ళు చెప్తే వెళ్ళామన్నారు. ఆ మధ్యాహ్నం బ్యాటరీలన్నీ కూడబలుక్కుని ఒకేసారి చచ్చిపోయాయన్నమాట. సిగ్గు లేకపోతే సరి!

ఎంక్వైరీలో తప్పు రుజువైతే ఓవరక్క ఉద్యోగం పోతుంది. ఒక మనిషి చావుకి కారణమైందని కేసూ పడుతుంది.

ఎంక్వైరీ రోజు పొద్దున్నే పెద్దాఫీసరు వచ్చాడు. గదిలో అడుగు పెట్టలేదు. వరండాలో నిలబడి ఆవిడనే బయటికి పిలిచాడు.

"చూడు చెల్లెమ్మా, కునుకు పట్టిందని రాసిచ్చెయ్. మనుషులం, పడుతుంది. మహా అయితే ఆర్నెల్లు సస్పెండ్ చేస్తారు. ఆ తర్వాత నేను చూసుకుంటాగా."

"నేను కునుకు తీస్తుంటే, బీరువా మీద కూర్చుని మిమ్మల్ని పిలుస్తున్నదెవరు సార్? మీ అత్తగారా?"

మెట్లు ఊడుస్తున్న పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. "అయ్యా, లోపలికొచ్చి ఒక్కసారి రోజర్ అనెయ్యండి బాబూ. వారం నుంచీ గొంతు పోయేలా అరుస్తోంది."

"అంటే అందిందని ఒప్పుకున్నట్టే కదే ముసల్దానా! నాకు తెలీదనుకున్నావా?" అంటూ గుమ్మం వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "అయినా రూల్సులో బీరువా మీది మాటలు సాక్ష్యానికి పనికిరావు. దానికి సంతకం ఉందా? సీలు ఉందా?"

"దానికి సిగ్గుంది సార్," అంది ఓవరక్క. "తన పని అవలేదని వారమైనా అక్కణ్ణించి కదల్లేదది. మీరు ఆ సాయంత్రం అదే సోఫాలో కూర్చుని కాఫీ తాగారు."

"నోరు జారుతోంది."

"జారలేదు. బటన్ నొక్కే మాట్లాడుతున్నా. ఓవర్."

పదింటికి కింది గదిలో ఎంక్వైరీ మొదలైంది. పై ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్, ఆవిడ పక్కన రాసుకునే గుమాస్తా, ఇన్‌చార్జి, పెద్దాఫీసరు, ఓవరక్క. వీళ్ళందరికీ ఎదురుగా, కుర్చీ అంచున, పాలవ్యాను డ్రైవరు భార్య. మేడమ్ కొత్త లాగ్ బుక్కు తిరగేసింది, స్టేషన్లు పంపిన కాగితాలు చదివింది. ఓవరక్క బీరువా సంగతి చెబితే తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలుసమ్మా. కానీ నేను రాయగలిగేది మనుషుల నోటి నుంచి వచ్చిన మాటే. ఏం చెయ్యను?"

"అంటే నేను మనిషిని కాదా మేడమ్? నా నోటి నుంచి వచ్చిన మాటే కదా అది!"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, "సెట్టున్న గది చూడకుండా సంతకం పెట్టను. అందరూ మేడెక్కండి," అంది.

"నాకు మోకాళ్ళ నొప్పులు మేడమ్," అన్నాడు పెద్దాఫీసరు.

"సోఫాలు మోస్తే పట్టవూ!" అంది పెద్దమ్మ గుమ్మం అవతల నుంచి, అందరికీ వినపడేట్టు.

మేడమ్ మెట్లవైపు వేలు చూపించింది. ఎక్కక తప్పలేదు.

ఆయన గదిలో కాలు పెట్టాడో లేదో, బీరువా మీది మాట దిగి వచ్చి ఆయన భుజం మీద వాలింది. "కంట్రోల్ టు నాలుగు-ఒకటి. కల్వర్టు మలుపులో వ్యాను బోల్తా. మనిషి ఇరుక్కున్నాడు, బతికే ఉన్నాడు. వెంటనే వెళ్ళండి. ఓవర్."

బతికే ఉన్నాడన్న మాట దగ్గర డ్రైవరు భార్య తలెత్తింది.

పెద్దాఫీసరు పళ్ళు బిగించాడు. మాట రెండోసారి పిలిచింది. ఆయన చేత్తో నోరు మూసుకున్నాడు. మూడోసారి పిలిచింది. 'ఓవర్' తర్వాత ఒక ఖాళీ ఉంటుంది, చూశారూ, అవతలివాడి కోసం వదిలేసిన ఖాళీ. ఇరవై రెండేళ్ళు సెట్టు పట్టుకు తిరిగినవాడు ఆ ఖాళీని భరించలేడు. ఆయన కుడి బొటనవేలు, చేతిలో సెట్టు లేకపోయినా, బటన్ నొక్కినట్టు వంగింది. నోరు తెరుచుకుంది.

"నాలుగు-ఒకటి టు కంట్రోల్. రోజర్. మొదటిసారే విన్నా. ఇక్కడ పెద్ద సోఫా గుమ్మంలో ఇరుక్కుంది. అది లోపల పెట్టించి బయల్దేరతా. అతన్ని కాస్త ఆగమనండి. ఓవర్."

మాట టప్పున పోయింది.

గుమాస్తా కలం గాల్లోనే ఆగిపోయింది. మేడమ్ "రాయండి" అంది.

"సోఫా సంగతి కూడానా మేడమ్?"

"దాంతోనే మొదలుపెట్టండి."

ఇన్‌చార్జి ఏదో అనబోయాడు. డ్రైవరు భార్య అప్పటికే లేచి వచ్చి పెద్దాఫీసరు ఎదురుగా నిలబడింది. అరవలేదు. చెయ్యెత్తలేదు.

"ఆగాడయ్యా," అంది. "మీరు చెప్పకుండానే ఆగాడు. యాభై నిమిషాలు ఆగాడు."

ఆయన నేలకేసి చూశాడు. ఆవిడ అక్కణ్ణించి జరగలేదు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ఆయన్ని పక్కనుంచి తప్పించి తీసుకెళ్ళారు.

ఓవరక్క మీద పెట్టిన కాగితాలు ఆ మధ్యాహ్నమే చింపేశారు. కేసు పెద్దాఫీసరు మీదికి తిరిగింది, పుస్తకం ఎత్తి రాయించిన ఇన్‌చార్జీ అందులో ఇరుక్కున్నాడు. మర్నాటికల్లా చచ్చిన బ్యాటరీలన్నీ బతికాయి. మేమూ విన్నాం, మేమూ విన్నాం అంటూ ఒక్కొక్క స్టేషనూ సెట్టులోకి వచ్చింది.

"ఇప్పుడా?" అంది ఓవరక్క ఒక్కొక్కరితో. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. వేళ మాత్రం పుస్తకంలో రాసుకుంది.

నెల తిరిగేసరికి ఆ జీపులోకి ఇంకో ఆఫీసరు వచ్చాడు, ఆయనా నాలుగు-ఒకటే అయ్యాడు. గడ్డపార మళ్ళీ జీపెక్కింది. ఆవిడ పిలిచిన మొదటి పిలుపుకి ఆయన తడుముకోకుండా రోజర్ అన్నాడు. గదిలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఓవరక్క అనుకోలేదు. అలా అనడం ఆయన పని, అందులో మెచ్చుకోవడానికేముంది? ఆవిడ కోపం తగ్గలేదు. తగ్గాలని ఆవిడా కోరుకోలేదు. ఆ కోపంతోనే ఇంకో పద్నాలుగేళ్ళు ఆ కుర్చీలో కూర్చుంది. అన్నేళ్ళలో ఏ జీపూ సోఫా మొయ్యలేదు.

ఇక లేవండి. అదిగో, వీధి చివర ఎవరి అమ్మో పిలుస్తోంది. నీ కోసమేనట్రా, మొహం అటు తిప్పుకుంటావేం? మూడోసారి పిలిచేదాకా చూడకు, 'వస్తున్నా' అని అరువు. పరిగెత్తండి అందరూ, తిండి చల్లారిపోతుంది.