చుట్టాల గదిలో మొదటి నిద్ర

ఆ ఇంటికి చుట్టాలు చెప్పి రారు. వచ్చాక చెబుతారు, నాలుగు రోజులు ఉంటామని. ఆ నాలుగు రోజులు ఎప్పుడూ నాలుగుతో ఆగిన పాపాన పోలేదు. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడు వినబడగానే కొలతమ్మ తన దుప్పటీ దిండూ చంకలో పెట్టుకుని గదిలోంచి బయటికి వచ్చేసేది.

ఒకే ప్రహరీ లోపల ఎడమవైపు అన్నయ్య ఇల్లు, కుడివైపు తమ్ముడి ఇల్లు, రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక గది. ఆ మధ్య గది పెళ్ళి చేసుకోని కొలతమ్మది. చుట్టాలు వస్తే మాత్రం చుట్టాలది. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆమె అన్నయ్య హాల్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకునేది. చేతిలో టేపు లేకుండా కనబడదని చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టిన పేరు కొలతమ్మ. ఇప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని. ఊళ్ళో ఎందరికో పడక గదులు గీసిచ్చిన మనిషికి ఆ రాత్రి తన పక్క ఎక్కడో సాయంత్రం దాకా తెలిసేది కాదు. నలభై దాటాక ఒకరోజు నడుం పట్టేసి సోఫా మీంచి లేవలేకపోయింది. అప్పుడు తెగించి నోరు విప్పింది.

"పెరట్లో అంత జాగా ఉంది కదా, చుట్టాలకి వేరే గది కట్టిద్దాం. నా మంచం నాకు వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఉమ్మడి జాగాలో గది కట్టడమంటే మాటలా? అన్నయ్యకి అక్కడ కారు షెడ్డు కావాలి. తమ్ముడికి బాత్‌రూం నీళ్ళు తన వైపు కాలవలో పడకూడదు. వదిన బాధ వేరు.

"కిటికీ నా వంటింటి వైపు పెట్టావంటే ఊరుకోను. ఉప్పు తగ్గిందని మంచం మీంచే కేకేస్తారు," అంది. "అయినా మరీ అంత బాగా కట్టకు తల్లీ. కాస్త ఇరుగ్గా ఉంటేనే బయల్దేరతారు."

"ఇరుగ్గా ఉంటే నీ హాల్లోకొస్తారు."

"అయితే బాగానే కట్టు," అంది వదిన వెంటనే. ఆడపడుచూ వదినా అంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు వీళ్ళిద్దరినీ చూడలేదు. పొద్దున లేస్తే ఒకరినొకరు దెప్పుకోవడం, ఆ వంకన వంటింట్లో గంటలు గంటలు కూర్చోవడం.

చివరికి కాలవ వాలు, వాకిలి దిక్కు, బట్టలారేసే తీగ ఎక్కడికి జరపాలి, అన్నీ తేలాయి. ఇక నాన్న పద్ధతి ఒకటి మిగిలింది.

నాన్న మేస్త్రి. సొంత ఇంట్లో ఏ గది కట్టినా ముందు సున్నంతో నేలమీద గది అంతా నిజం కొలతకి గీసేవాడు. గుమ్మం ఉండేచోట గీత వదిలేసి, లోపల మంచం వేయించేవాడు. ఆ క్షణం నుంచి అది గదే. గుమ్మంలోంచే వెళ్ళాలి, గుమ్మంలోంచే రావాలి. ఎవరైనా గీత దాటితే, "గోడలోంచి నడుస్తావేంట్రా, దెయ్యానివా?" అని కసిరేవాడు. ఆ గది ఎవరిదో వాళ్ళు అందులో మొదటి నిద్ర తీయాలి. గది మనిషిని మరిగాకే గోడ లేపాలి అనేవాడు. తప్పు మనిషి నిద్రపోతేనో అని అడిగితే, పైకప్పు పడేలోపు ఇంకొకరెవరైనా నిద్రపోతే గది వాళ్ళదవుతుందనీ, కప్పు పడ్డాక మాత్రం తన వల్ల కూడా కాదనీ చెప్పేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ చాదస్తం మాత్రం పిల్లలు వదల్లేదు.

కొలతమ్మ సున్నం గీసింది, మంచం వేసింది. మర్నాడు పునాది తవ్వుతామని పని ఒప్పుకున్న మేస్త్రి చెప్పి వెళ్ళాడు. చుట్టాల గది కనుక మొదటి నిద్రకి ఒక చుట్టం కావాలి. తీరా కావాలంటే ఒక్కరూ లేరు.

"గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి పడుకోబెడదామా?" అన్నాడు తమ్ముడు.

"మీ అత్తగారికి ఫోన్ కొట్టరా. నువ్వు పెట్టేసేలోపు గేటు దగ్గరుంటుంది," అన్నాడు అన్నయ్య. తమ్ముడి భార్య మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, మంచం మీదికి ఎండ ఎంతవరకు వస్తుందో చూద్దామని కొలతమ్మ పెరట్లోకి వెళ్ళింది. బుద్ధిగా గుమ్మంలోంచే లోపలికి అడుగుపెట్టింది. తల ఎటు పెడితే కళ్ళలో ఎండ పడదో తెలియాలంటే పడుకుని చూడాలి కదా. పడుకుంది. గాలి చల్లగా తగిలింది. తన పక్క మీంచి ఎవరూ తనని లేపని చోటు అది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో ఆమెకే తెలియలేదు.

తలుపు తట్టిన చప్పుడుకి మెలకువ వచ్చింది.

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గుమ్మమంటే సున్నం గీతలో వదిలిన ఖాళీ. ఒక చేతిలో ట్రే పట్టుకుని, రెండో చేతి వేళ్ళు మడిచి గాల్లో మళ్ళీ తట్టింది. చెక్క మీద తట్టినట్టే టకటకమని మోగింది.

"రావచ్చాండీ?"

కొలతమ్మకి నిద్రమత్తు ఇంకా వదల్లేదు. "దయచేయండి, తమరిదే ఆలస్యం," అంది నవ్వుతూ. వదిన లోపలికి వచ్చి ట్రే మంచం మీద పెట్టింది. అందులో బంగారు అంచు కప్పు, సాసరు. బయటివాళ్ళు వస్తే తప్ప పై అరలోంచి దిగని కప్పు అది. ఇన్నేళ్ళలో కొలతమ్మకి స్టీలు గ్లాసే.

"నిద్ర పట్టిందాండీ? కొత్త చోటు కదా."

"చాల్లే, నవ్వలేక చస్తున్నా."

వదిన నవ్వింది. అయితే ఆ నవ్వు ఆమెది కాదు. అర్థం కాని మాటకి మర్యాద కోసం నవ్వే నవ్వు.

అంతలో అన్నయ్య వచ్చాడు. ఇంట్లో ఎండాకాలం చలికాలం లేకుండా బనీను మీద తిరిగే మనిషి, చొక్కా తొడుక్కుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి, "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని అడిగాడు. ఆ బొత్తాలు చూశాక కొలతమ్మ ట్రే పక్కకి నెట్టేసింది. వేళాకోళానికి వదిన ఏమైనా చేస్తుంది, అన్నయ్య మాత్రం ప్రాణం పోయినా మెడ బొత్తాం పెట్టడు.

ఆమె లేచి మధ్య గదికి పరుగెత్తింది. తన మంచం లేదు, బీరువా లేదు. అన్నయ్య పిల్లల పుస్తకాల బల్లలున్నాయి. గోడ నిండా వాళ్ళ బొమ్మలు అతికించి ఉన్నాయి. అతికించిన సెల్లోటేపు ఎండి పసుపుపచ్చగా పెళుసెక్కింది, కాగితాల వెనక గోడ రంగు వేరేగా ఉంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న బొమ్మలు అవి.

వెనకనుంచి తమ్ముడు మెల్లగా దగ్గాడు. "బాత్‌రూం అటువైపండీ. ఈ ఇల్లు కొత్తవాళ్ళకి కాస్త తికమకగానే ఉంటుంది."

"ఒరే, నేన్రా! అక్కని!"

తమ్ముడు ఇబ్బందిగా అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య పెద్దరికంగా ముందుకు వచ్చాడు. "అంతే కదండీ మరి. మీరు మాకు సొంత మనిషి కిందే లెక్క. మొహమాటపడకండి," అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లో ఎవరినీ వరసపెట్టి పిలవలేదు. పెరట్లోకి తిరిగి వెళితే మంచం కింద ఒక సూట్‌కేసు ఉంది. తెరిచి చూస్తే తన బట్టలే, చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

ఆఫీసులో మాత్రం అంతా ఎప్పటిలాగే ఉంది. ఆమె బల్ల ఆమెదే, పేరూ హోదా ఆమెవే. పక్క సీటావిడ, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగితే, "బాగానే ఉన్నారు," అంది. అది అబద్ధమేమీ కాదు. వాళ్ళకి ఏ లోటూ లేదు.

పునాది తవ్వారు. గోడలు లేచాయి. పనివాళ్ళు ఆమె మంచం చుట్టూ పనిచేసుకుపోయారు, మంచం మీదున్న మనిషిని ఇటుకల్లో పెట్టి కడుతున్నట్టు ఒక్కడికీ తోచలేదు. రోజూ బంగారు అంచు కప్పు వచ్చేది. పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి నమస్తే చెప్పి పారిపోయేవాళ్ళు. కొసరి కొసరి వడ్డించేవారు, చెయ్యి కడుక్కోబోతే కొత్త తువ్వాలు తెచ్చిచ్చేవారు. గిన్నె తీయబోతే వదిన ఆమె చేతిలోంచి లాక్కుని, "అయ్యో, మీరెందుకండీ!" అనేది. అంత మర్యాద జీవితంలో ఎవరూ చేయలేదు ఆమెకి. ఆ మర్యాద తలుచుకుంటే రాత్రిళ్ళు ఏడుపు తన్నుకొచ్చేది. రోజులు గడిచేకొద్దీ అన్నయ్య, "మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయండీ?" అని అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు కదులుతారని అడగలేనప్పుడు ఆ ఇంట్లో వేసే ప్రశ్న అదని ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళూ ఆమె కూడా అదే అడిగింది.

ఇక మిగిలింది నాన్న చెప్పిన దారే. కప్పు పడేలోపు ఇంకొకరు అక్కడ నిద్రపోవాలి. ఆఫీసావిడని బతిమాలింది. ఆవిడ రేపు మాపు అని దాటవేసింది. తమ్ముడి అత్తవారికి ఫోన్ చేసి, ఎవరో చెప్పకుండా రమ్మంది. గది పూర్తయ్యాక వస్తామన్నారు. ఇన్నాళ్ళూ వద్దన్నా వచ్చిన జనం ఒక్కరూ అటు తొంగిచూడలేదు. చూస్తుండగానే రేకులు వచ్చి పెరట్లో పడ్డాయి. రేపు పొద్దున్నే కప్పు వేసేస్తామన్నాడు మేస్త్రి.

ఆ మధ్యాహ్నం వదిన కొత్త గుమ్మం దగ్గర ఆగి తలుపు చెక్క తట్టింది. ఈసారి నిజం తలుపే. పనివాళ్ళందరికీ వండి వార్చి ఉన్నట్టుంది, చీర కుచ్చిళ్ళ దాకా తడిసిపోయింది, మొహం వాడిపోయింది.

"ఏమీ అనుకోకపోతే కాస్సేపు కూర్చుంటానండీ. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు పిలుస్తారు."

"అయ్యో, కూర్చోండి."

వదిన మంచం అంచున కూర్చుంది. కప్పు లేని గోడల మధ్య గాలి చల్లగా దిగుతోంది. "మీ గదిలో భలే గాలండీ," అంటూ గోడకి చేరబడింది. మాట మధ్యలోనే రెప్పలు వాలిపోతున్నాయి.

కొలతమ్మ లేచి నిలబడింది. దుప్పటి సర్దింది. దిండు తీసి వదిన తల కింద పెట్టింది. ఆమె కాళ్ళు నెమ్మదిగా పైకెత్తి మంచం మీద పెట్టింది కూడా. అదంతా తన చేతులే చేశాయి. ఇంకొక్క క్షణం. నిద్ర పడితే చాలు, గది వదినదవుతుంది. తను లోపలికి వెళితే మధ్య గదిలో తన మంచం ఉంటుంది, తన బీరువా ఉంటుంది. అన్నయ్య బనీను మీద కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటాడు.

తర్వాత వదినకి మెలకువ వస్తుంది. అన్నయ్య లేచి చొక్కా వేసుకుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని వస్తాడు. ప్రయాణం బాగా జరిగిందా అని సొంత పెళ్ళాన్ని అడుగుతాడు. పిల్లలిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి అమ్మకి నమస్తే చెప్పి పారిపోతారు. బంగారు అంచు కప్పులో టీ పోసి తెచ్చేది ఎవరు? తనే. గుర్తుండే తెస్తుందో, గుర్తులేకే తెస్తుందో.

వదిన ఊపిరి బరువుగా సాగుతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"వదినా!" కొలతమ్మ ఆమె భుజం పట్టుకుని కుదిపేసింది. "లే వదినా! ఇక్కడ పడుకోకు. లేచి మీ ఇంట్లోకి పో!"

వదిన ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఎదురుగా ఆయాసపడుతూ, కళ్ళనీళ్ళతో నిలబడ్డ మనిషిని అలాగే చూసింది. ఎక్కడుందో తెలియడానికి ఆమెకి కాస్త సేపు పట్టింది. కొలతమ్మ ఆమె మొహంలోకి వంగి చూసింది.

"నిద్రపట్టలేదు కదా?"

"లేదండీ, కళ్ళు మూశానంతే." వదిన చీర సర్దుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహంలో అలసట లేదు. ఏదో ముచ్చట ఉంది.

"మీరు నన్ను వదినా అన్నారు."

"నోరు జారిందండీ. ఏమీ అనుకోకండి."

"అనుకోవడమేముంది, ఎంత బావుందో! ఆడమనిషి నోట ఆ పిలుపు నేనెప్పుడూ ఎరగను. మా ఆయనకి ఒక్క తమ్ముడే." తలుపు చెక్క మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడింది. "నాకు ఆడపడుచులు లేరండీ."

"లేకపోవడమే మంచిది. ఉంటే మిమ్మల్ని పొద్దస్తమానం సతాయించేది."

"సతాయిస్తే సతాయించేది లెండి," అంది వదిన. "ఇంట్లో ఉండేది కదా."