తేలికైన బంతి

“మావాడు యాడన్నా కదిలినాడా? ఎడంగా పోతాండేది నువ్వేనమ్మా,” అంది మా అత్త రుక్మిణమ్మ, పొద్దున్నే నేను చపాతీ పిండి కలుపుతుంటే. ఆమెకు మోకాలి ఆపరేషనై నెల. లేపడం, నడిపించడం, కాపడం పెట్టడం అన్నీ నా పనే. అవి ముగించి తిరుత్తణిలో రైలెక్కి, తిరువళ్ళూరు బడిలో పన్నెండో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. ఆ ఉద్యోగం మానేయమని మా ఆయన యువరాజ్ పట్టు. రాజీనామా తనే టైపు చేసి నా టిఫిన్ బాక్సు కింద పెట్టాడు. “సంతకం పెట్టి ఇచ్చేసి రా. ఇంట్లో ఒక మనిషి కావల్ల.” ఆయన అంగడి మా ఇంటి కిందే. కాఫీకని రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి వస్తాడు. ఆయన మనిషి లెక్కలోకి రాడు కాబోలు.

చెయ్యి కడుక్కుని, ఆనాటి ప్రయోగానికి రెండు బెండు బంతులకు వెండి కాగితం చుట్టడం మొదలుపెట్టాను. అత్త పిలిచింది. వెళ్లొచ్చాను. మళ్లీ పిలిచింది. దేనికి ఎన్ని పొరలు చుట్టానో మరిచిపోయాను.

క్లాసులో రెండింటినీ పట్టుదారాలతో ఒకే మేకుకు వేలాడదీసి, జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ స్కేలు తాకించాను. విడిపోయాయి. కానీ ఒకటి దాదాపు మేకు కిందే ఉండిపోయింది, రెండోది చాలా దూరం పోయి నిలిచింది. జనని లేచింది. ఆ తమిళ ఊళ్లో మాలాగే వాళ్లింట్లోనూ తెలుగే.

“మిస్, దూరం పోయిండేదానికే గదా చార్జి ఎక్కువ? తప్పు దానిదే గదా?”

పిల్లలు నవ్వారు.

“కాదు. దేని చార్జి ఎంతున్నా, రెండూ ఒకదాన్నొకటి సమంగానే తోస్తాయి. బరువుండేది కొంచెమే జరుగుతుంది. తేలికది దూరం పోతుంది. చూసేవాళ్లకు అదొక్కటే పోయినట్టు కనిపిస్తుంది.”

పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం. నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదు. ఏడుపొచ్చింది. బోర్డు వైపు తిరిగి బొమ్మ గీశాను, తోపును చూపే బాణాలు రెండూ ఒకే పొడవు.

సాయంత్రం వచ్చేసరికి ఆయన సోఫాలో ఉన్నాడు.

“ఇచ్చినావా?”

“లేదు. ఇయ్యను బావా.”

లోపలి నుంచి అత్త పిలిచింది. “కాలు గుంజతాంది ధాత్రీ, వేన్నీళ్ల సంచి తేమ్మా.”

ఆ నొప్పి నిజమని నాకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. అత్త మళ్లీ పిలిచింది, ఈసారి ఏడుపు గొంతుతో. ఆయన కదల్లేదు.

నేనూ కదల్లేదు.